పెళ్ళికెళ్ళొచ్చిన రాయి

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పేపరు విప్పేసరికి మూడో పేజీలో నా పెళ్ళిరాయి ఉంది.

వేళాకోళం కాదు. యాభై మూడేళ్ళ కిందట నా పెళ్ళిలో సన్నికల్లని చెప్పి తొక్కించిన రాయి. మా ఆయన వంగి, నా కాలు పట్టుకుని, దేని మీద పెట్టేడో ఆ రాయి! ఒడియా పేపర్లో, రంగుల్లో, అరచెయ్యంత ఫొటో. పక్కన నా మనవరాలు హరిచందన. మెడలో కెమెరా, నెత్తి మీద టోపీ, ముప్ఫై రెండు పళ్ళూ బయటే. కింద ఏం రాసేరయ్యా అంటే, నందపూర్ దగ్గర కుసుంపొదర్ అనే ఊళ్ళో మూడు వేల ఏళ్ళ నాటి నిలువురాయి ఉందిట. దాని మీద చెక్కిన శిలువ గుర్తు కూడా మూడు వేల ఏళ్ళ నాటిదేనట. ఇలాంటిది దేశంలో ఇదే మొదటిదని పరిశోధకురాలు హరిచందన గారి మాటట. ఇవాళ పదకొండింటికి భువనేశ్వర్ నించి ప్రొఫెసరు గారు వచ్చి స్వయంగా చూస్తారట.

ఓలమ్మో! మూడు వేల ఏళ్ళ శిలువట! అది కొట్టింది ఆదిశేషు. రోళ్ళకీ తిరగళ్ళకీ గంట్లేసుకుని బతికే ఆదిశేషు. వాడు కొడుతూంటే కిటికీలోంచి నేను చూసేను.

ముందు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కాఫీ కొంగు మీద పోసుకున్నాను. ఆ తరవాత భయమేసింది. ఎందుకంటే ఆ పిల్లది రాళ్ళ చదువు. ఎండనకా వాననకా ఐదేళ్ళ బట్టి కొండల్లో తిరుగుతోంది. ఈ ప్రొఫెసరు గారు ఇవాళ చూసి సిఫార్సు కాగితం మీద సంతకం పెడితే ఫెలోషిప్పు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు, థీసిసు గట్టెక్కుతుంది. ఆ సంగతి ఫోన్లో పదిసార్లు చెప్పింది. ఏ రాయే అమ్మీ అని అడిగితే మాత్రం, "అది సర్‌ప్రైజు మామ్మా, పేపర్లో చూద్దువు గాని" అంది. చూసేను కదా! ఇప్పుడు ఆయన అందరి ముందూ సంతకం పెట్టేసి, ఆ మీదట నిజం బయటపడిందనుకోండి, సన్నికల్లు గంట్లని మూడు వేల ఏళ్ళ శిలువ చేసిన పిల్ల అని నవ్వుతారు. ఆ చదువులో మరి దానికి పుట్టగతులుండవు.

ఫోను చేసేను. ఎనిమిదిసార్లు. ఎనిమిదిసార్లూ ఒకావిడ ఎంతో మర్యాదగా, మీరు పిలిచే వ్యక్తి అందుబాటులో లేరని చెప్పింది. తొమ్మిదోసారి ఆవిణ్ణే తిట్టేను.

నేను కమలాంబని. డెబ్భై ఒకటి నిండేయి, మోకాళ్ళు రెండూ అరిగేయి, కోపం మాత్రం ముక్కు మీదే ఉంది. చీర మార్చుకుని, చేతిసంచీ పట్టుకుని, కొరాపుట్ బస్టాండుకి వెళ్ళేసరికి నందపూర్ బస్సు తోక చూపించి వెళ్ళిపోయింది. రెండో బస్సు పన్నెండుకిట. ఏం చెయ్యనురా భగవంతుడా అని నిలబడితే ఎదురుగా చిన్నబ్బాయి గూడ్సు బండి. మా వీధి చివర కిరాణా కొట్టు అతంది. నందపూర్ సంతకి ఉల్లిపాయలు తోలుకెళ్తున్నాడు.

"చిన్నబ్బాయ్! నన్ను కూడా ఎక్కించుకో."

"ఏటమ్మా, ఉల్లిపాయల బండిలోనా? వాసనండీ."

"పరవాలేదు, నా మనవరాలి కొంప మునిగిపోతోంది. తోలు."

ముందు సీట్లో ఉన్న వెల్లుల్లి బస్తా వెనక్కి వెళ్ళింది, నేను ముందుకొచ్చేను. సునాబెడా దాటేదాకా అతను ఓపిక పట్టేడు. దాటగానే, "ఏటయిందో సెప్పండమ్మా, నాను ఎవురికీ సెప్పనండి" అన్నాడు. అతనికి చెప్తే సంతంతటికీ చెప్పినట్టే. అయినా చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరేట్టు లేదు.

"అయితే విను. మా నాన్న వరాహనరసింహం గారు అప్పట్లో నందపూర్‌లో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. మా తాతలు జయపురం రాజావారి ఎస్టేటు కచేరీలో చేసేరు, అలా కొండెక్కిన వాళ్ళం. నా పెళ్ళి నందపూర్‌లో, ఆఫీసు క్వార్టర్ల వాకిట్లోనే. విజయనగరం నించి బస్సు కట్టించుకుని మగపెళ్ళివారొచ్చేరు. సాలూరు నించి పురోహితుడొచ్చేడు. అన్నీ వచ్చేయి, సన్నికల్లు తప్ప."

"మీ ఇంట్లో సన్నికల్లు నేదా?"

"లేకేం? వంటవాళ్ళు గాడిపొయ్యికి రాళ్ళు చాలలేదని తీసుకెళ్ళి పొయ్యి కింద పెట్టేరు. మంటకి ఫట్‌మని రెండు ముక్కలైంది."

"పక్కింట్లో అడగాలండి మరి!"

"పక్కింటిదీ ఆ పొయ్యి కిందే ఉంది. ఎదురింటిదీను. ఊళ్ళో ఉన్నవే మూడు తెలుగు కొంపలు, మూడు సన్నికళ్ళ మీదా పప్పు ఉడుకుతోంది!"

చిన్నబ్బాయి స్టీరింగు వదిలేసి తొడ చరిచేడు. రోడ్డు చూడవోయ్ అని నేను అతని భుజం మీద ఒక్కటిచ్చేను.

"పురోహితుడు మంకుపట్టు పట్టేడు. సరంజామా అంతా కళ్ళ ముందుంటే గానీ తెర పట్టనివ్వడుట. పీటలున్నాయా, ఉన్నాయి. కాడి ఉందా, ఉంది. సన్నికల్లేదీ? మట్టెలు దేని మీద తొడుగుతారు, మీ తల మీదా? అని మా నాన్నని అరిచేడు. మా నాన్న ప్యూన్లని పిలిచి, ఒరే, చదునైన రాయి ఎక్కడ కనిపిస్తే అక్కడి నించి ఎత్తుకురండి అన్నారు. వాళ్ళు కుసుంపొదర్ వేపు పరిగెట్టేరు. చేను గట్టు మీద ఒక పెద్ద పలకరాయి పడుంది. పది మంది బొంగులకి కట్టి మోసుకొచ్చి పందిట్లో దింపేరు. మనిషెత్తు రాయి! పెళ్ళికూతురు కాలు పెట్టడానికా, పడుకోడానికా అని మా అత్తగారి చెల్లెలు వెక్కిరించింది."

"అప్పుడేనా గీతలు?"

"ఆగు మరి. పురోహితుడు దాని చుట్టూ తిరిగి, ఇది రాయి, సన్నికల్లు కాదు, గంట్లు లేనిది సన్నికల్లెలా అవుతుందీ? అన్నాడు."

"అదీ నిజవేనండి. గంట్లు నేకపోతే పచ్చడి జారిపోద్ది."

"నువ్వూ పురోహితుడి పార్టీయేనా! సరే, వంటశాల రోళ్ళకి గంట్లెయ్యడానికని ఆదిశేషు వచ్చి ఉన్నాడు. వాణ్ణి లాక్కొచ్చేరు. ఇంత రాయికి గంట్లెయ్యాలంటే సందేల దాకా పడతాది బాబూ అన్నాడు వాడు. నాలుగెయ్యరా చాలు, శాస్త్రానికి! అన్నాడు పురోహితుడు. వాడు ఉలి తీసి, నడిమధ్యన పెట్టి, నాలుగు వేపులా నాలుగు గంట్లు కొట్టేడు. మంచి పనివాడు. కొట్టినవి నాలుగైనా వేలు దిగేంత లోతు కొట్టేడు. సన్నికల్లయింది. నా పెళ్ళయింది. అదయ్యా ఆ శిలువ!"

చిన్నబ్బాయి బండి పక్కకి ఆపేసి, దిగి, రోడ్డు మీద వంగుని నవ్వేడు. నాకూ నవ్వు ఆగలేదు. సెమిలిగుడ దగ్గర ఇద్దరం కళ్ళు తుడుచుకుంటూ ఉంటే సైకిలు మీద వెళ్తున్న పోలీసు ఏమైందని ఆగి అడిగేడు.

మళ్ళీ బయల్దేరేక చిన్నబ్బాయి అడిగేడు, "మరి ఆ రాయి నిలబడిందెలాగండీ?"

అది అసలు ముచ్చట. మధ్యాహ్నం పంక్తి సగంలో ఉండగా కుసుంపొదర్ వాళ్ళు ముప్ఫై మంది వచ్చేరు. సంత నించి ఇంటికెళ్ళి చూసుకుంటే గట్టు మీద వాళ్ళ బుఢా లేడుట. బుఢా అంటే ముసలాయన. ఆ రాయి వాళ్ళ తాతలకి తాతట. ఎవరి కాలంలోనో నిలబెట్టేరు, ఏ వానకో పడిపోయేడు, మళ్ళీ నిలబెట్టాలంటే ఊరంతటికీ విందు చెయ్యాలి గనక ఎవరూ లేపలేదు. ఇప్పుడు ఏడీ అని అడిగేరు. వంటవాళ్ళు ఆ బుఢా మీదే మగపెళ్ళివారికి అల్లప్పచ్చడి నూరుతున్నారు!

మా నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. వచ్చిన వాళ్ళలో పెద్దాయన రాయిని చూసేడు, పచ్చడిని చూసేడు, పసుపు బట్టల్లో వణుకుతున్న మా ఇద్దర్నీ చూసేడు. చూసి పకపకా నవ్వేడు. "ముసలాయన్ని ఇన్నేళ్ళూ ఎవరూ లేపలేదు. విసుగెత్తి తనే లేచి పెళ్ళికొచ్చేసేడు" అన్నాడు. మా నాన్న రెండు మేకలూ, మూడు బస్తాల బియ్యం ఇచ్చి విందు చేసేరు. మర్నాడు డప్పులతో ఊరేగించి, రాయిని దాని చోట నిలబెట్టేరు. నేనూ మా ఆయనా కొంగుముళ్ళు విప్పకుండా వెళ్ళేం. నన్ను వాళ్ళ వరసలో పెట్టి చేతులు పట్టుకుని ఆడించేరు కూడా. మా బుఢా మీద కాలు పెట్టి మొగుడి పక్కకెళ్ళిన పిల్ల మా ఊరి కోడలే అని తీర్మానం. ఆ ఏడు మొదలు పంటలయ్యేక ఎవరో ఒకరు ఓ బుట్టెడు చోళ్ళు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్తారు. నేను చీర పెడతాను.

చిన్నబ్బాయి నవ్వడం మానేసి గేరు మార్చేడు. తరవాత మెల్లిగా, "అమ్మా, సెప్పీకండి" అన్నాడు.

"ఏటి?"

"అక్కడికెల్లి ఈ సంగతి సెప్పకండి. పిల్ల బతుకుతాది. ఆ రాయి ఏటి, నోరు తెరిసి సెప్తాదా?"

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకూ తియ్యగానే తగిలింది. మిగతా దారంతా దాన్నే నములుతూ కూర్చున్నాను. చెప్తే పిల్ల ఇవాళ ఏడుస్తుంది. చెప్పకపోతే ఏనాడో ఒకనాడు ఊళ్ళో ఎవరో అంటారు, అప్పుడు జీవితమంతా ఏడుస్తుంది. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది నా పని.

కుసుంపొదర్ చేరేసరికి పదకొండుంబావు. అక్కడ తీర్థం సాగుతోంది! పేపరు చూసి జనం విరగబడ్డారు. కొందరు కొవ్వొత్తులు తెచ్చేరు, కొందరు కొబ్బరికాయలు తెచ్చేరు, ఒక పెద్దమనిషి ఎందుకైనా మంచిదని రెండూ తెచ్చేడు. ఐస్‌ఫ్రూట్ల బండి ఒకటి, బుడగలవాడొకడు. మధ్యలో నా భుజం ఎత్తున బుఢా, ఎండలో హాయిగా నిలబడి ఉన్నాడు. రొమ్ము మీద ఆదిశేషు కొట్టిన నాలుగు గంట్లు. నాచు పట్టి, అంచులు అరిగి, నిజంగానే ఏ రామాయణ కాలం నాటివో అనిపించేయి. పిల్ల మోసపోయిందంటే తప్పు లేదు.

రాయి ముందు ఒకాయన గొంతుక్కూర్చుని భూతద్దంలోంచి చూస్తున్నాడు. ఆయనే ప్రొఫెసరు సౌమ్యరంజన్ గారు. పక్కన హరిచందన గాలి పీల్చకుండా నిలబడి ఉంది. ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, "రాయి పాతదే. అందులో సందేహం లేదు. కింద దొరికిన కుండ పెంకులు చూసేను, మూడు వేల ఏళ్ళు ఉండొచ్చు. గుర్తు కూడా బాగుంది. కాగితం ఇలా తే అమ్మా" అన్నాడు ఒడియాలో.

కాగితం! ఆయన జేబులోంచి పెన్ను తీస్తున్నాడు. పిల్ల మొహం చూడాలి మీరు. పదో తరగతి ఫలితాలప్పుడు కూడా అంత వెలిగిపోలేదు. చిన్నబ్బాయి వెనక నించి నా కొంగు పట్టుకు లాగేడు. నేను ఆ కొంగు ఊడబెరుక్కుని, జనాన్ని మోచేతులతో తోసుకుని వెళ్ళి, పిల్ల జబ్బ పట్టుకున్నాను.

"అమ్మీ, ఒక్కసారి ఇలా రా."

"మామ్మా! నువ్వేంటిక్కడ? ఉల్లిపాయల కంపేంటి? ఒక్క నిమిషం, సంతకం..."

"సంతకం కాకముందే రావాలి. రా!"

బుఢా వెనక్కి లాక్కెళ్ళి మూడు ముక్కల్లో చెప్పేను. పొయ్యి కింద పగిలిన సన్నికల్లు, ఆదిశేషు ఉలి, నా పెళ్ళి. వింటూంటే దాని మొహం ఎర్రబడింది. ముందు నమ్మలేదు. ఆ తరవాత నమ్మింది. అదే నాకు కష్టమనిపించింది.

"ఐదేళ్ళు మామ్మా," అంది. "ఐదేళ్ళ బట్టి నేను రాళ్ళెనక తిరుగుతూంటే నీకో రాయి ఉందని ఒక్కసారి చెప్పలేకపోయేవా?"

"నువ్వు ఏ రాయో చెప్పేవుటే? సర్‌ప్రైజన్నావు!" నేనూ అరిచేను. ఏడుపొచ్చినప్పుడు నాకు అరుపే వస్తుంది.

ఆ అరుపుకి గట్టు మీద గొడుగేసుకుని కూర్చున్న ముసలిది తలెత్తింది. గురుబారి. ఆ రోజు పందిట్లో నవ్విన పెద్దాయన కోడలు, నా ఈడుదే. నన్ను చూసి, "ఓ కోడలా! బుఢాని చూడ్డానికొచ్చేవా?" అని బోసినోటితో కేక పెట్టింది, వాళ్ళ దేసియా మాటలో.

హరిచందన ఆవిడ వేపు తిరిగింది. "అవ్వా, నేను ఇక్కడికి పద్ధెనిమిదిసార్లు వచ్చేను. ఈ గుర్తు మామ్మ పెళ్ళిలో కొట్టేరని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగేవా?" అంది గురుబారి. "రాయెప్పటిదన్నావు. పాతదన్నాను. పాతదే కదా! గీత ఎవరిదని అడిగితే మా కోడలిదని చెప్పేదాన్ని. ఆ కోడలు నీ మామ్మని నాకేం తెలుసు?"

పిల్ల బుఢా ముందుకొచ్చి నిలబడింది. ఆ గంట్లలో వేలు పెట్టి, ఈ కొస నించి ఆ కొస దాకా మెల్లగా తడిమింది. ప్రొఫెసరు గారు తన కారు బానెట్టు మీద కాగితం పరిచి, పెన్ను మూత తీసి, తారీకు వేస్తున్నారు. చిన్నబ్బాయి నా చెవిలో, "ఇప్పుడైనా మించిపోనేదండి, ఊరుకుంటే ఊరుకుంటాది" అన్నాడు. నేను ఊరుకున్నాను. చెప్పాల్సింది దానికి చెప్పేను. ఆ మీదట నోరెత్తాల్సింది అదే.

"సార్, సంతకం పెట్టకండి" అంది హరిచందన.

ఆయన తలెత్తేడు.

"గుర్తు పాతది కాదు. నేను తప్పు రాసేను. ఇవి మా మామ్మ పెళ్ళిలో కొట్టిన గంట్లు."

బుడగలవాడు బూరా ఊదడం మానేసేడు. అది మొత్తం కథ చెప్పింది, తల వంచుకోకుండా, నేను చెప్పినదాని కన్నా శుభ్రంగా. కథ గాడిపొయ్యి దగ్గరికొచ్చేసరికి ఎవడో కిసుక్కుమన్నాడు. పదిమంది రాయిని మోసిన చోట ప్రొఫెసరు గారి వెంట వచ్చిన ఇద్దరూ నవ్వేరు. అల్లప్పచ్చడి దగ్గరికొచ్చేసరికి చేను చేనంతా నవ్వింది. ఆయన ఒక్కడే నవ్వలేదు. గురుబారిని పిలిచి అడిగేడు, ఊళ్ళో ఇంకో ఇద్దరు ముసలివాళ్ళని అడిగేడు. అందరూ అదే మాట చెప్పేరు, ఒకాయనైతే మా నాన్న ఇచ్చిన మేకల రంగు కూడా చెప్పేడు. అప్పుడు పెన్నుకి మూత పెట్టేసేడు.

"ఈ కాగితం ఇవాళ నడవదమ్మా," అన్నాడు. "నీ మూడో అధ్యాయం మొత్తం మళ్ళీ రాయాలి. ఫెలోషిప్పు మాట వచ్చే ఏడు చూద్దాం. అది కూడా నేను మాటివ్వలేను."

"సరే సార్" అంది. అనేసి, పెదవి కొరుక్కుంది. నా బంగారుతల్లి, నా కళ్ళెదుట మూడు వేల ఏళ్ళూ చేతులారా కొట్టేసుకుంది! నాకు దాన్ని కావలించుకుని ఏడవాలనీ ఉంది, ఆ ప్రొఫెసర్ని నాలుగు దులపాలనీ ఉంది. రెండూ చేసేదాన్నే. ఇంతలో అది సంచీలోంచి నోటుబుక్కు తీసింది.

"మామ్మా, తారీకు చెప్పు."

"ఏం తారీకే?"

"గంట్లు కొట్టిన తారీకు. మళ్ళీ రాయాలి కదా."

"విరోధికృత్ నామ సంవత్సరం, వైశాఖ బహుళ పంచమి, శుక్రవారం. ఇంగ్లీషులో మే పధ్నాలుగు, డెబ్భై ఒకటి."

ప్రొఫెసరు గారు కారెక్కబోతున్నవాడల్లా ఆగేడు. వెనక్కొచ్చేడు. "నలభై ఏళ్ళ సర్వీసులో నాకు దొరికిన మంచి తేదీ అంటే, మూడొందల ఏళ్ళు అటూ ఇటూ" అన్నాడు. "ఈ పిల్లకి తిథి దొరికింది, వారం దొరికింది. గంట కూడా ఉందా?" అని, అప్పుడు నవ్వడం మొదలెట్టేడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వేడు. హరిచందనకి నవ్వొచ్చింది. నాకొచ్చింది. గురుబారికి ఏం అర్థమైందో గానీ అందరికన్నా ఎక్కువ అదే నవ్వింది.

"ఉందా మామ్మా? పెళ్ళి ఎన్నింటికి?"

"తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకి, మిథున లగ్నమందు!" అన్నాను ఠీవిగా. శుభలేఖలో అచ్చేసిన మాట. నా ముహూర్తబలమే బలమని, అందుకే నలభై ఏడేళ్ళు చిలకా గోరింకల్లా కాపరం చేసేమని, రెండు వేపులా చుట్టాలందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు. నా పెళ్ళి చూసి నలుగురు ఆడపిల్లలకి ఆ పురోహితుడి చేతే ముహూర్తాలు పెట్టించేరు.

పిల్ల రాసుకుంది. "అంటే గంట్లు అంతకు ముందు. తొమ్మిది ప్రాంతం అనుకోవచ్చా?" అంటూ తొమ్మిది అని రాసింది.

ఇంతమందిలో తన తప్పు తనే చెప్పుకుని, ఐదేళ్ళ పని పోగొట్టుకుని నిలబడ్డ పిల్ల. దాని కొత్త పుస్తకం మొదటి పేజీలో నేను అబద్ధం రాయించనా?

"ఆగు. కొట్టెయ్యి" అన్నాను.

"ఏం?"

"ఆదిశేషు ఉలి పెట్టింది తొమ్మిదిన్నరకి. ఆపింది తొమ్మిదీ నలభైకి. తెర దింపింది తొమ్మిదీ యాభైకి. నేను గౌరీపూజ గదిలో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద నాన్న ఆఫీసు గడియారం. అన్నీ నిమిషాలతో చూసేను. తొమ్మిదీ నలభై రెండుకి పురోహితుడు ఒక్కడూ లోపలికొచ్చి, తలుపు వేసి, పీటెక్కి, ముల్లు ముప్ఫై ఎనిమిది నిమిషాలు వెనక్కి తిప్పేడు. వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చెయ్యమన్నారు తల్లీ, ఇది ఒక్కటే కదా, నువ్వేం చూళ్ళేదు అన్నాడు. మగపెళ్ళివారి చేతిగడియారాలన్నీ తప్పు, ఇది సర్కారు టైము అని బయటికెళ్ళి దబాయించేడు. మిథునం ఎప్పుడో దాటిపోయింది. నా పెళ్ళి ముహూర్తానికి కాలేదు."

ఇది నేను మా అమ్మకి చెప్పలేదు. అత్తగారికి చెప్పలేదు. చెప్తే పెళ్ళి ఆగిపోతుందని ఆ వేళ భయం. ఆయనకి చిన్న జ్వరం వచ్చినా, కొడుక్కి పరీక్ష పోయినా, ముప్ఫై ఎనిమిది నిమిషాలే గుర్తొచ్చేవి. ఇప్పుడు ఆ చేలో ఉన్న జనమంతా విన్నారు. చిన్నబ్బాయి మరీ శ్రద్ధగా విన్నాడు.

హరిచందన రాసిన అంకె కొట్టేసి, తొమ్మిదిన్నర నించి తొమ్మిదీ నలభై అని రాసింది. కలం ఆపి, చాలా మెల్లిగా అడిగింది, "మరి తాతయ్యకి? తాతయ్యకి కూడా చెప్పలేదా?"

"చెప్పేను. పాతికేళ్ళు అయ్యేక, ఒక రోజు పెసలు బాగు చేసుకుంటూ ఏడ్చి చెప్పేసేను."

"ఏమన్నాడు?"

"పెళ్ళిలో తన చేతికీ వాచీ ఉందన్నాడు. తెర దించినప్పుడు దాంట్లో తొమ్మిదీ యాభై చూసేడుట. వాళ్ళ నాన్నకి చెప్తే బస్సు తిప్పేస్తాడని, వాచీ విప్పి జేబులో వేసుకున్నాట్ట."